అద్దం వెనక మెట్లు

కిందటి వారం కామేశ్వరిని వెనక మెట్ల మీద, చేతిలో తాళంకప్పతో వదిలేసి వచ్చాం. ఆ తాళం పడిందా లేదా అని నన్ను బస్సులో కూడా అడిగిన వాళ్ళున్నారు. పడింది. మధ్యలో చేరిన వాళ్ళ కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పేసి ముందుకు వెళతాను.

ద్వారకా నగర్‌లో శ్రీ కామేశ్వరీ వస్త్రాలయం అంటే తెలియని ఆడవాళ్ళు లేరు. కింద లుంగీలు, తువ్వాళ్ళు, పరుపు గుడ్డలు. మొదటి అంతస్తులో నూలు చీరలు. రెండో అంతస్తులో పట్టు. యజమాని త్రినాథరావు రాజోలు నుంచి ఒక్క చేతిసంచితో ఈ ఊరొచ్చి, పాతూళ్ళో ఒకరి దగ్గర గుమాస్తాగా చేసి, తర్వాత సొంత కొట్టు కట్టి, దానికి పెళ్ళాం పేరు పెట్టుకున్న మనిషి. పట్టుచీరల విభాగం చూసేది నాగమణి. కోటవీధి మనిషి, భర్త పోయాడు. పెద్దగా నవ్వదు, చీర గురించి అబద్ధం చెప్పదు, అయినా గిరాకీ అంతా ఆవిడ చుట్టూనే.

ఈ నాగమణి చెప్పిందని త్రినాథరావు ఈమధ్య కొట్టంతా ఎర్రబోర్డులు రాయించాడు. 'ప్రమాదంలో దారి – ఇటు' అని అక్షరాలు, పక్కన బాణం. రాసింది పాతూరి ఆర్టిస్టు హుస్సేన్ బాషా. హార్బర్‌లో ఓడల వాళ్ళ దగ్గర తెచ్చిన రేడియం రంగుతో రాశాడు, చీకటి పడితే అక్షరాలు వాటంతటవే మెరుస్తాయి. బాణాలన్నీ చూపించేది వెనక మెట్లనే. ఆ వెనక మెట్లు కింద మొదలయ్యేది త్రినాథరావు గది పక్కన, పైన తేలేది నాగమణి కూర్చునే చోటుకి ఎదురుగా. రోజూ పొద్దున్నే త్రినాథరావు ఆ మెట్లే ఎక్కుతాడు. అనుమానానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

అందుకని, మొగుడు సరుకు కోసం సూరత్ రైలెక్కిన మర్నాడు, శ్రావణ శుక్రవారం పూట, కొట్టు తెరవకముందే కామేశ్వరి వచ్చి వెనక మెట్లెక్కి, రెండో అంతస్తు తలుపుకి మెట్ల వైపు నుంచి తాళం బిగించింది. తాళంచెవి నడుముకున్న గుత్తిలో చేర్చింది. అడిగితే చెప్పడానికి సిద్ధాంతిగారి మాట ఒకటి కొంగున కట్టుకుంది: నైరుతి మూల తలుపు తెరిచి ఉంటే ఇంటి ఆడదానికి అరిష్టమట. సిద్ధాంతిగారు ఆ మాట అన్న మాట నిజమే. కామేశ్వరి రెండుసార్లు అడిగి మరీ అనిపించింది.

కిందికి దిగి, ముందు మెట్ల మీదుగా మళ్ళీ పైకొచ్చి, ఆవిడ మొదలుపెట్టిన రెండో పని అద్దం.

రాజోలు నుంచి పుట్టింటి వాళ్ళు లారీలో పంపిన బెల్జియం అద్దం అది. నిలువెత్తు, టేకు చట్రం. వెనక చెక్క చెదలు తినేస్తే ఎప్పుడో ఊడబీకేశారు గాని అద్దం మాత్రం చెక్కుచెదరలేదు. ఇంట్లో ఏ గదిలోనూ పట్టక, గోనెపట్టాల్లో చుట్టి స్టోరు గదిలో పడేసి ఉంచారు. నలుగురు మగాళ్ళు మోసుకొచ్చి, వెనక తలుపుకి అడ్డంగా నిలబెట్టి, చట్రానికి మేకులు కొట్టారు. తలుపు ఉందన్న ఆనవాలు లేదు. తలుపు నెత్తిన ఉన్న ఎర్రబోర్డుని వాచ్‌మన్ తవిటయ్య స్టూలెక్కి పీకాడు.

"అమ్మగోరూ, ఇది బాబుగోరు దగ్గరుండి కొట్టించిన బోర్డండీ. ఆరొచ్చి అడిగితే నానేటి సెప్పను?"

"నేను తీయించానని చెప్పు. కొట్లో గోడల మీద ప్రమాదం, ప్రమాదం అని రాయించుకుంటారా ఎవరైనా? లక్ష్మీదేవి తిరిగే చోట!"

"మద్దిలో ఏలాడేది కూడా తీసీమంటారా?"

హాలు నడిమధ్య దూలానికి గొలుసులతో వేలాడే బోర్డు ఇంకొకటుంది, రెండు వైపులా రాసినది. కామేశ్వరి తలెత్తి చూసింది. అది స్టూలుకి అందదు, నిచ్చెన కావాలి. "రేపు తీద్దాంలే" అంది. 

ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి.

అద్దంలో తనని తాను చూసుకుంది. నలభై దాటని మనిషి, పచ్చని ఛాయ, ముక్కుకి రెండువైపులా రాళ్ళు. దేనికి లోటు? పన్నెండేళ్ళుగా మొగుడికి వండిపెడుతోంది. కూరలో ఉప్పెక్కువైందంటే వింటాడు, కొట్టులో ఫ్యాను గాలి చాలదంటే మాత్రం వినడు. "నీకెందుకే వ్యాపారం సంగతి" అంటాడు. అదే మనిషి అన్నం ముందు కూర్చుని, "నాగమణి చెప్పింది, మెట్ల కింద మూటలు పెట్టకూడదట", "నాగమణి చెప్పింది, అక్షరం జానెడుండాలట" అంటాడు. నాగమణి చెప్పింది, నాగమణి చెప్పింది. చెవిలో జోరీగ దూరినట్టు ఆ పేరు. బయట వీధి బోర్డు మీద పేరు కామేశ్వరిది, లోపల బోర్డు మీద మాట దానిది. ఏ ఆడది ఊరుకుంటుంది?

నాగమణి వచ్చింది. తడి జుట్టు ముడి వేసుకుని, చేతిలో టిఫిన్ క్యారేజీతో ముందు మెట్లెక్కి వచ్చి, అద్దం ముందు ఆగిపోయింది. క్యారేజీ కింద పెట్టడం కూడా మరిచిపోయింది.

"ఏటమ్మా ఇది?"

"అద్దం."

"అద్దమని తెల్తంది. ఇక్కడెందుకెట్టారని అడుగుతన్నాను."

"పట్టుచీర కొనేవాళ్ళు భుజాన వేసుకుని చూసుకోవద్దూ? ఇన్నాళ్ళూ ఈ చేతి అద్దంతో ఎలా నెట్టుకొచ్చావో గాని!"

"అద్దం మంచిదేనమ్మా. నాలుగు గోడలున్నాయి గదా, ఏ గోడకైనా ఎట్టుకోండి. ఆ తలుపొక్కటి వొగ్గీండి."

చీరలు మడతపెట్టే ఆడపిల్లలు మడిచిన చీరలే విప్పి మళ్ళీ మడుస్తున్నారు. చెవులన్నీ ఇటే. కామేశ్వరికి అది తెలుసు, తెలిసే గొంతు పెంచింది.

"ఆ తలుపంటే నీకంత ప్రేమేంటి నాగమణీ?"

"ప్రేమేటమ్మా! దారి గదా."

"దారే. ఎవరు రావడానికి దారి అని అడుగుతున్నాను."

నాగమణి క్యారేజీ కింద పెట్టింది. పెట్టి, కొంగు నడుముకి దోపుకుంది.

"నాకు సూటిగా సెప్పండమ్మా. నాను తిప్పి తిప్పి మాటాడలేను."

"సూటిగానే చెబుతాను. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచీ తెరవకముందే మా ఆయన ఆ మెట్లెక్కి ఎవరి కోసం పైకొస్తారో ఈ కొట్లో అందరికీ తెలుసు. నాకే ఆఖర్న తెలిసింది. బోర్డులు పెట్టించి, బాణాలు గీయించి, చీకట్లో మెరిసే అక్షరాలు రాయించి... ఇంత ఏర్పాటు చేసుకున్నాక కూడా నేను చూడకూడదా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక కామేశ్వరికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నెలల తరబడి గొంతులో అడ్డం పడిన ముల్లు అది. అవతలి మనిషి ఏడుస్తుందనీ, కాళ్ళ మీద పడుతుందనీ, లేకపోతే కనీసం ఎగిరి పడుతుందనీ అనుకుంది. నాగమణి ఏదీ చెయ్యలేదు.

"బాబుగారు ఆ మెట్లెక్కేది నాకోసం కాదమ్మా. మెట్ల మీద ఎవుడైనా మూటలెట్టీసాడేమోనని సూసుకోడానికి. కిందనించి పైదాకా కాళీగా ఉందంటేనే ఆరి మనసు నిమ్మళిస్తాది. ఏ రాత్రయినా ఆ మెట్లు గుర్తొత్తే ఆరికి నిద్దరట్టదు."

"ఆయనకి నిద్ర పట్టదని నీకెలా తెలుసు?"

నాగమణి నాలుక కరుచుకుంది. అంత పొడుగు మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. మాట్లాడితే ఇదిగో, ఇలాగే అవుతుంది.

"సెప్పారు."

"నీకు చెప్పారు! పక్కన పడుకునే నాకు చెప్పలేదు, నీకు చెప్పారు!"

"ఆ సెయ్యి మీద మచ్చున్నోలికి నిద్దరెలా పడతాదమ్మా?"

త్రినాథరావు ఎడమ చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా పెద్ద మచ్చ ఉంది. కాలిన మచ్చ. ఎండాకాలంలో కూడా ఆయన నిండు చేతుల చొక్కానే వేస్తాడు, కొట్లో ఎప్పుడూ మడత పెట్టడు. ఆ మచ్చ చూసేది ఈ భూమ్మీద ఇద్దరే అనుకుంది కామేశ్వరి, ఆయనా, తనూ. పెళ్ళయిన కొత్తలో అడిగితే, ఎవరిదో పెళ్ళి వంటల్లో వేడి గంజి ఒలికిందని చెప్పాడు. పాపం ఎంత నొప్పెట్టిందో అని ఆ రాత్రి కొబ్బరినూనె రాసింది. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

"ఆయన చేతి మీద మచ్చ నువ్వెప్పుడు చూశావ్?"

ఆ గొంతు విని ఆడపిల్లలు మడతలు ఆపేశారు. ఒకమ్మాయి చేతిలో చీర జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"నాను సూసినప్పుడది మచ్చ కాదమ్మా," అంది నాగమణి. "పుండు."

కామేశ్వరి కుర్చీలో కూర్చుంది. నాగమణి నిలబడే చెప్పింది. గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. సగం చెప్పి ఒకసారి ఆగి, కింద పడిన చీర తీసి దులిపి, మడతపెడుతూ మిగతాది చెప్పింది.

"మా ఆయన పేరు సత్యం. పాతూళ్ళో గుడ్డల గొడౌన్‌లో గుమాస్తా. బాబుగారూ అక్కడే గుమాస్తా. ఇద్దరూ బావా బావా అనుకునీవారు. మీకప్పటికింకా పెళ్ళవ్వలేదు. ఓరోజు సందేళ గొడౌన్ అంటుకుంది. దీపాలు పోయాయి, పొగ కమ్మేసింది. ఆ గొడౌన్‌కి అటో తలుపు, ఇటో తలుపు, రెండూ ఒక్కలాటివే. ఒకటి ఈదిలోకి, రెండోది మూటల గదిలోకి. పగలు తెలుత్తాది, సీకట్లో ఏది ఏదో ఎవులికి తెలుత్తాది? మా ఆయన బాబుగారి సెయ్యట్టుకుని ఇటు తోసారట. 'నువ్విటెల్లు బావా, నానటు సూత్తాను, ఎవుడి తలుపు తెరుసుకుంటే ఆడు కేకెయ్యాలి' అన్నారట. బాబుగారి తలుపు తెరుసుకుంది."

"కేకేశారా?" అంది కామేశ్వరి తనకి తెలియకుండానే.

"ఏసారట. ఏస్తూనే ఉన్నారట. అటునించి పలుకు లేదు." నాగమణి చీర మడత పూర్తి చేసి బల్ల మీద పెట్టింది. "నాను పెద్దాస్పత్రికి పరిగెత్తుకెల్తే వరండాలో బాబుగారు కూకున్నారు. మా ఆయనేడీ అనడిగాను. ఆ సెయ్యి సూపించి ఏడిసారు. అదేనమ్మా నాను సూసింది. ఆ తలుపు మీద సీకట్లో కనపడీలా ఈదిలోకని ఓ ముక్క రాసుంటే నా మొగుడికి సదువొచ్చు, సదూకునీవాడు. బాబుగారు మేడ కట్టి, నన్ను పన్లోకి రమ్మంటే, జీతం ఎంతని అడగలేదు నాను. ఏ మూలనున్నోలికైనా దారి కనపడీలా రాయిత్తారా, మెట్లు కాళీగా ఉంచుతారా అనడిగాను. రాయిత్తానన్నారు. ఇన్నాళ్ళకి రాయించారు."

ఈ కథ విన్నాక కామేశ్వరి మనసు కరిగిపోయిందని, లేచి నాగమణిని కావలించుకుందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ పని తేలికవుతుంది. కాని ఆవిడ సంగతి నాకు తెలుసు. కరగలేదు. ఇంకా మండింది.

ఇన్నాళ్ళూ ఆవిడ అనుకున్నది మామూలు దొంగతనం. మొగుడి కళ్ళు ఇంకో చోట పడుతున్నాయి, కట్టడి చేస్తే చాలు. ఇప్పుడు తెలిసింది వేరు. ఆయన బతుకులో అన్నిటికంటే పెద్దది తను రాకముందే జరిగిపోయింది. అందులో నాగమణికి చోటుంది, చచ్చిపోయిన సత్యానికి చోటుంది, తనకి లేదు. తనకి ఇచ్చింది గంజి కథ. పన్నెండేళ్ళు నూనె రాసింది అబద్ధానికి. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చే హక్కు పెళ్ళాంగా తనది కాదూ? ఆ ఏడుపు వీళ్ళిద్దరూ ఎప్పుడో పంచేసుకున్నారు. చనిపోయిన మనిషి మీద కూడా ఈర్ష్య పడొచ్చని కామేశ్వరికి ఆ పొద్దున్నే తెలిసింది, తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన ఈర్ష్య తగ్గుతుందని మాత్రం ఎవరూ అనుకోకండి.

"అయిపోయిందా నీ కథ?" అంది.

"అయిపోయిందమ్మా."

"అయితే విను. ఇది నా పేరున్న కొట్టు. అద్దం అక్కడే ఉంటుంది. ఇవాళ్టి నుంచి పట్టుచీరల దగ్గర నేను కూర్చుంటాను. నువ్వు కింద తువ్వాళ్ళ దగ్గరికి వెళ్ళు."

నాగమణి క్యారేజీ తీసుకుంది. "ఎల్తానమ్మా. తువ్వాళ్ళూ బట్టలే," అంది. రెండడుగులు వేసి ఆగి, దూలానికి వేలాడే బోర్డు వైపు చూసింది. "అదన్నా ఉంచండి. పండగ జనం. అద్దమెనకాల తలుపుందని ఈ పిల్లలికి తెలుసు, లాగీసుకుని ఎలిపోతారు."

అద్దానికి మేకులు కొట్టించిన సంగతి నాగమణి చూడలేదు. తలుపుకి అవతల తాళం పడిన సంగతి ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పడానికి కామేశ్వరికి అప్పుడు సందు దొరికింది. నోరు తెరిచింది కూడా. కాని 'లాగీసుకుని ఎలిపోతారు' అన్న ఆ నమ్మకం, తనకి చెప్పినట్టుగా కాకుండా పిల్లలకి అప్పగింతలు పెడుతున్నట్టు ఆ గొంతు... కామేశ్వరి నోరు మూసుకుంది.

మధ్యాహ్నం దాటేసరికి జనం. వరలక్ష్మీ వ్రతం చీరల కోసం టౌన్‌షిప్ నుంచి ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళ పెళ్ళాలు గుంపులు గుంపులుగా దిగారు. ముందు మెట్లకి పైనుంచి కిందిదాకా రంగు గుడ్డలతో పందిరి కట్టి, సీరియల్ బల్బులు చుట్టించింది కామేశ్వరే. చూసినవాళ్ళంతా పెళ్ళివారిల్లులా ఉందన్నారు. పట్టుచీరల దగ్గర కుర్చీలో కూర్చుని ఆవిడ ఆ మెచ్చుకోలు అందుకుంది. అదీ కాసేపే.

"నాగమణిగారు లేరా?" అంది ఒకావిడ.

"ఏం? నేను చూపిస్తాను కదా."

"అహ, ఆవిడైతే జరీ అసలుదో కాదో చెప్పేస్తారని..."

ఇంకొకావిడ అడిగింది. ఇంకొకావిడ. ఒకావిడైతే చీర భుజాన వేసుకుని ఆ బెల్జియం అద్దంలో చూసుకుని, "నాగమణి ఉంటే ఈ రంగు నాకు వద్దనేది" అని పక్కన పెట్టేసింది. అద్దం తనది, కొట్టు తనది, కుర్చీలో ఉన్నది తను. అయినా అందరికీ కావలసింది కింద తువ్వాళ్ళ దగ్గర కూర్చున్న మనిషే. కామేశ్వరి పళ్ళు బిగించి చీరలు పరుస్తూనే ఉంది. రేపు దాన్ని అసలు పనిలోంచే తీసేస్తాను అనుకుంది.

సరిగ్గా ఆ మాట అనుకుంటున్నప్పుడే వాసన వచ్చింది.

ముందు గుడ్డ కాలిన వాసన. ఎవరో ఇస్త్రీ పెట్టె మరిచిపోయారనుకుంది. తర్వాత ముందు మెట్ల వైపు పట్ పట్ మని బల్బులు పేలిన చప్పుడు, కింద నుంచి తవిటయ్య అరుపు. "అగ్గి! అగ్గమ్మా! మెట్ల పందిరంటుకుంది! మెయినాపీండి!" లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. రంగు గుడ్డల పందిరి పొడుగునా మంట పైకి పాకింది. మెట్లెక్కి వచ్చే పొగని చూసి ముందున్న ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. వెనకున్న వాళ్ళకి ఏం జరిగిందో తెలియదు, వాళ్ళు ముందుకి తోశారు. వీధి వైపు కిటికీలకి దొంగల భయానికి వేసిన ఇనప ఊచలు. వాటిలోంచి వచ్చే సాయంత్రపు వెలుతురుని కూడా పొగ మింగేసింది.

"వెనక మెట్లు! వెనక మెట్లున్నాయి!" అని అరిచింది మడతల అమ్మాయి. "నాగమణక్క సెప్పింది! బోర్డు సూసుకు రండి!"

దగ్గుతో ఊపిరాడక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కామేశ్వరి తలెత్తింది. కటిక చీకట్లో ఎదురుగా అక్షరాలు మెరుస్తున్నాయి. పచ్చటి వెలుగు. హుస్సేన్ బాషా రాసిన రేడియం అక్షరాలు, బాణం. నెలల తరబడి ఏ అక్షరాలని చూస్తే కడుపు మండిందో, వాటిని చూడగానే ప్రాణం లేచి వచ్చింది. చేతులు ముందుకి చాచి, వాటి వైపే పరిగెత్తింది. ఆవిడ వెనక పది పన్నెండు మంది.

చేతులకి చల్లగా గాజు తగిలింది.

అక్షరాలు వెనక వేలాడుతున్నాయి. రేపు తీద్దాంలే అన్న బోర్డు అది. తను చూసింది అద్దంలో దాని నీడని.

"తలుపేదీ?" అని వెనక నుంచి ఎవరో ఏడ్చారు. "తలుపుందన్నారు గదా, ఏదీ?"

కామేశ్వరి చట్రం పట్టుకుని లాగింది. మడతల అమ్మాయి కూడా లాగింది. నలుగురు మగాళ్ళు మోసిన అద్దం, మేకులు దిగిన చట్రం. కదల్లేదు. అప్పుడే అద్దం వెనక, తలుపవతల, ఎవరో మెట్లెక్కి పరిగెత్తుకు వచ్చిన చప్పుడు. గొళ్ళెం గలగలలాడింది.

"అమ్మా! పిల్లలూ! ఇటే రండి, ఇటు!" నాగమణి గొంతు. "ఓలమ్మ, తాళమెవులేసారు దీనికి? అమ్మా, తాళముందిక్కడ! తాళంసెవి ఎవులి కాడుంది?"

కామేశ్వరి చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. గుత్తి అక్కడే ఉంది. తాళం అవతల, తాళంచెవి ఇవతల. నా దగ్గరుంది అని చెప్పాలి. అందరూ వింటారు. నాగమణి వింటుంది. ఇంత పొగలో, చావు గుమ్మంలో నిలబడి కూడా ఆ మాట దానికి చెప్పడానికి కామేశ్వరి నాలుక ఒక్క క్షణం తిరగలేదు. ఆ ఒక్క క్షణాన్ని నేను దాచిపెట్టను.

"తాళంసెవి!" తలుపు మీద అరచేతులతో బాదుతోంది నాగమణి. "మీలో ఎవులికాడైనా ఉందేటి? పలకండి! ఎవులైనా పలకండమ్మా!"

"నా దగ్గరే ఉంది!" అని అరిచింది కామేశ్వరి. "నేనే వేశాను నాగమణీ! నేనే!"

బల్ల మీద గుడ్డ కొలిచే ఇనప గజం తడిమి పట్టుకుంది. ఎత్తింది. అద్దంలో మంట వెలుగుకి మసక మసకగా ఒక ఆడది, జుట్టు రేగిపోయి, గజం ఎత్తి నిలబడి, నెత్తి పైన తిరగబడిన అక్షరాలతో. ముక్కుకి రెండువైపులా రాళ్ళు మెరిశాయి. పుట్టింటి అద్దం. పగలగొడితే అరిష్టం అంటారు. కామేశ్వరి కళ్ళు మూసుకుని ఆ మొహం మీదే కొట్టింది.

మొదటి దెబ్బకి బీట వారింది. రెండో దెబ్బకి గాజు కుప్పగా జారింది. వెనక చెక్క లేదు కనుక చట్రంలోంచి తలుపు కనిపించింది. గాజు పెంకుల మీద మోకాళ్ళేసి, నెత్తురు కారుతున్నా చూసుకోకుండా, గుత్తిలోంచి తాళంచెవి పీకి, తలుపు కింద సందులోకి తోసింది.

"నాగమణీ! ఇదిగో, కింద! సందులో ఉంది, తీసుకో!"

పలుకు లేదు.

తలుపు మీద చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో, గాజు పగిలే మోతలో తను వినలేదు.

"నాగమణీ!" అని కేకేసింది కామేశ్వరి. మళ్ళీ వేసింది. వేస్తూనే ఉంది.

తాళంచెవి సగం అవతలికి, సగం ఇవతలికి ఉంది. అవతల నుంచి దాన్ని ఎవరూ లాగలేదు.